కోర్టు మెట్లెక్కిన పిల్లలకు క్లాసా, కొలువా, కోపం మీద పట్టా: ఏది మేలు?

అమెరికాలో జువెనైల్ కోర్టుకు వెళ్లిన టీనేజర్లకు జడ్జి పెట్టే షరతుల్లో ఒకటి తరచుగా ఇలా ఉంటుంది: ఏదైనా శిక్షణ కార్యక్రమంలో చేరాలి. ఏ కార్యక్రమం అన్నది మాత్రం ఆ ఊళ్లో ఏది నడుస్తోంది, దేనికి నిధులున్నాయి అన్నదాన్నిబట్టి తేలిపోతుంది. ఆ పిల్లాడికి ఏది పనికొస్తుందన్న ప్రశ్న ఆ తర్వాతే. నాకిది తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది.

మొత్తమ్మీద దారులు మూడు. ఒకటి క్లాసు: రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం, బ్యాంకు ఖాతా, బడ్జెట్. రెండోది నేరుగా జీతమిచ్చి పనిలో పెట్టడం. మూడోది కోపం మీద, తొందరపాటు మీద పట్టు తెచ్చే శిక్షణ. దీనికి మూలం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. అందరూ సీబీటీ అనేస్తారు.

నాలుగోది కూడా ఒకటుంది. పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి, ఖైదీల చేత అరిపించి, భయపెట్టి పంపడం. 1970ల్లో న్యూజెర్సీలోని రావే జైల్లో మొదలై బాగా పేరు తెచ్చుకుంది. తర్వాత పరిశోధకులు సరైన పోలికతో చూస్తే, అలా వెళ్లొచ్చిన పిల్లలు వెళ్లనివాళ్లకంటే ఎక్కువగా నేరాల్లో పడ్డారు. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

క్లాసుకు పెద్ద బలం ఖర్చు తక్కువ కావడం. ఒక గది, ఒక టీచరు ఉంటే చాలు. హాజరుపట్టీ చూపిస్తే కోర్టుకూ సరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, రెజ్యూమెలో రాసుకోవడానికి ఏమీ లేని పిల్లాడి చేత రెజ్యూమె రాయిస్తారు. పైగా వీళ్లలో చాలామందికి బడితోనే పడలేదు. మళ్లీ ఇంకో బెంచీ, ఇంకో బోర్డు, ఇంకో వర్క్‌షీట్ అంటే ఒళ్లు అక్కడుంటుంది, మనసు ఉండదు.

అయినా క్లాసును పూర్తిగా కొట్టిపారేయలేం. అందులో చెప్పాల్సినవి కొన్ని పనిచేసే చోట ఎవరూ చెప్పరు. మొదటిది, కేసు గురించి అడిగితే ఏం చెప్పాలి? చాలా రాష్ట్రాల్లో జువెనైల్ కోర్టు తీర్పును చట్టం కన్విక్షన్‌గా, అంటే నేరం రుజువై దోషిగా తేలినట్టుగా, లెక్కించదు. కాబట్టి దరఖాస్తులో ‘ఎప్పుడైనా కన్విక్ట్ అయ్యారా’ అన్న గడి దగ్గర ‘లేదు’ అని రాయడం చాలా సందర్భాల్లో నిజమే అవుతుంది. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని ఉంటే కథ వేరు. కేసు పెద్దల కోర్టుకు బదిలీ అయి ఉంటే మరీ వేరు. రికార్డు సీలు చేసే, అంటే బయటివాళ్లు చూడకుండా మూసేసే, పద్ధతి కూడా రాష్ట్రానికో తీరు. కొన్నిచోట్ల దానంతటదే మూతపడుతుంది, కొన్నిచోట్ల పిటిషన్ వేసుకోవాలి. ఈ తేడాలు తెలియని పిల్లాడు రెండు రకాలుగా నష్టపోతాడు: అడగనిదంతా చెప్పేసి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, లేదా భయపడి దరఖాస్తే పెట్టడు. ఈ ఒక్క విషయం టీచరు బదులు ఒక లాయరు వచ్చి గంటసేపు చెబితే, ఆ గంట మిగతా సిలబస్ మొత్తం కంటే విలువైనది.

రెండోది కాగితాలు. అక్కడ ఏ ఉద్యోగంలో చేరాలన్నా గుర్తింపు పత్రం, పని చేసే అర్హత ఉందని రుజువు చూపించాలి. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, అక్కణ్నుంచి గ్రూప్ హోమ్‌కి (ఇల్లు లేని పిల్లల్ని కలిపి ఉంచే వసతికి) మారుతూ వచ్చిన పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు ఎవరి దగ్గరున్నాయో వాడికే తెలియదు. వాటిని తెప్పించడం కూడా నేర్పాల్సిన విద్యే.

ఇక కొలువు. దీని మీద అందరూ చెప్పుకునే పరిశోధన షికాగోది. 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని 13 హైస్కూళ్ల నుంచి 1,634 మందిని తీసుకుని లాటరీ వేశారు. పేరొచ్చినవాళ్లకు 8 వారాల పని, వారానికి 25 గంటలు, కనీస వేతనం. తర్వాత 16 నెలల పాటు చూస్తే, లాటరీలో పేరు రానివాళ్లతో పోలిస్తే పని దొరికినవాళ్లు హింసాత్మక నేరాల్లో అరెస్టవడం 43 శాతం తగ్గింది. తగ్గుదల ఎక్కువగా పని అయిపోయాక కనిపించింది. అంటే ‘పనిలో ఉన్నంతసేపు వీధిలో లేరు, అంతే కదా’ అని తీసిపారేయడానికి లేదు.

అందులోనే ఇంకో సంగతుంది. కొందరికి 25 గంటలూ పనే ఇచ్చారు. మరికొందరికి 15 గంటలు పని, 10 గంటలు సీబీటీ తరహా శిక్షణ. ఫలితం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. అలాగని శిక్షణ దండగ అనుకోకూడదు. పనిలో పెట్టిన ప్రతి ఒక్కరికీ ఒక పెద్దమనిషిని తోడిచ్చారు. రోజూ వచ్చావా, ఎందుకు రాలేదు, సూపర్‌వైజర్‌తో ఏమైంది అని అడిగే మనిషి. ఆ మనిషి చేసేదీ శిక్షణే కదా.

మరి ఆ వేసవి పని తర్వాత మంచి ఉద్యోగాలు వచ్చాయా అంటే, సగటున చూస్తే లేదు. కొంత లాభపడ్డవాళ్లు ఎవరంటే, వయసులో చిన్నవాళ్లు, బడితో ఇంకా సంబంధం ఉన్నవాళ్లు, అరెస్టు రికార్డు ఉండే అవకాశం తక్కువగా ఉన్నవాళ్లు. మనం మాట్లాడుకుంటున్న కోర్టు పిల్లల విషయంలో ఇది కొంచెం చేదు నిజం. న్యూయార్క్ వేసవి ఉద్యోగాల లాటరీని పరిశీలించినప్పుడూ ఇలాగే తేలింది: జైలుపాలవడం తగ్గింది, మరణాలు కూడా తగ్గాయి, ఆ తర్వాతి సంపాదన మాత్రం పెరగలేదు. ‘జాబ్ రెడీ’ అన్న బోర్డు పెట్టి నిధులడిగే కార్యక్రమాలు ఈ తేడా ఒప్పుకోవు. పిల్లాడు ప్రాణాలతో, జైలు బయట ఉండటం చిన్న ఫలితమా? బోర్డు మార్చుకుంటే సరిపోతుంది.

కొలువుకు అడ్డంకులూ ఉన్నాయి. ఫెడరల్ చట్టం ప్రకారం 14, 15 ఏళ్లవాళ్లు బడి రోజుల్లో 3 గంటలకు, బడి వారంలో 18 గంటలకు మించి పనిచేయకూడదు. 18 నిండేదాకా రూఫింగ్ (ఇళ్ల పైకప్పు పని), ఫోర్క్‌లిఫ్ట్ (బరువులెత్తే బండి) నడపడం లాంటి ప్రమాదకరమైన పనులకు తీసుకోకూడదు. అంటే మంచి జీతమిచ్చే పనులు చాలావరకు చేతికందవు.

మూడో దారి, సీబీటీ. షికాగోలోనే ఒక కార్యక్రమంలో మొదటిరోజు ఆడించే ఆట ఉంది. ఇద్దర్ని జోడీ కట్టి ఒకడి చేతిలో బంతి పెడతారు. రెండోవాడికి 30 సెకన్లు టైమిచ్చి, వాడి పిడికిట్లోంచి బంతి తీసుకోమంటారు. దాదాపు అందరూ పెనుగులాటకే దిగుతారు, వేళ్లు విరిచినంత పని చేస్తారు. అయిపోయాక కౌన్సెలర్ అడుగుతాడు: ‘బంతి ఇవ్వమని అడిగావా?’ ‘అడిగితే ఇస్తాడా?’ అంటారు. అప్పుడు బంతి పట్టుకున్నవాడి వైపు తిరిగి, అడిగితే ఏం చేసేవాడివని అడుగుతాడు. ‘ఇచ్చేసేవాణ్ని, బంతే కదా’ అన్న జవాబు వస్తుంది. ఉపన్యాసం లేదు, వర్క్‌షీట్ లేదు. ఆ కార్యక్రమంలో ఉన్నంతకాలం హింసాత్మక నేరాల్లో అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. షికాగో ఉన్న కుక్ కౌంటీలో, పిల్లల్ని నిర్బంధించి ఉంచే జువెనైల్ డిటెన్షన్ సెంటర్‌లో ఇలాంటి శిక్షణే ఇస్తే, తిరిగి అక్కడికే రావడం 21 శాతం తగ్గింది. లోపల ఉన్న పిల్లాడికి బయట ఉద్యోగం ఇప్పించలేం కాబట్టి, అక్కడ నా ఎంపిక నిస్సందేహంగా ఇదే.

బయట, ప్రొబేషన్ మీద (నిర్బంధించకుండా షరతులతో ఇంటి దగ్గరే ఉంచి, ఒక ఆఫీసర్ పర్యవేక్షణలో) ఉన్నవాళ్ల విషయంలో మాత్రం నా ఓటు కొలువుకే. పాఠం మాత్రం పనిలో ఎదురైన చిక్కులోంచి పుట్టాలి. ఉదాహరణకు మంగళవారం పొద్దున కోర్టు వాయిదా, అదే టైమ్‌కి షిఫ్ట్. కోర్టుకెళ్లాలి అని బాస్‌కి చెప్పడం నామోషీ. చెప్పకపోతే చెప్పకుండా ఎగ్గొట్టినట్టు. రెండింటి మధ్య నలిగి చాలామంది రెండోదే ఎంచుకుంటారు, ఉద్యోగం పోతుంది. బయటివాళ్లు దాన్ని బద్ధకం అంటారు. అప్పుడు తోడున్న పెద్దమనిషి పక్కన కూర్చుని ఫోన్లో మెసేజ్ టైప్ చేయించాలి: ‘మంగళవారం పొద్దున నాకు తప్పనిసరిగా వెళ్లాల్సిన అపాయింట్‌మెంట్ ఉంది. ఒంటిగంటకల్లా వచ్చేస్తాను. షిఫ్ట్ మార్చుకోవచ్చా?’ అబద్ధం లేదు, గుట్టు బయటపడలేదు, ఉద్యోగం నిలిచింది. ఇదే విషయం క్లాసులో స్లైడ్ మీద ‘పనిచోట సంభాషణా నైపుణ్యాలు’ అని వేస్తే ఎవడి బుర్రకీ ఎక్కదు.

డాలస్‌లో కెఫే మొమెంటమ్ అనే రెస్టారెంట్ దాదాపు ఈ పద్ధతిలోనే నడుస్తోంది. జువెనైల్ కేసుల నుంచి వచ్చిన పిల్లలకు ఏడాదిపాటు జీతంతో ఇంటర్న్‌షిప్. వంటగదిలో, వడ్డనలో, గిన్నెలు కడిగే చోట వంతులవారీగా చేయిస్తారు. ఒక్కొక్కరి బాగోగులు చూసే కేస్ మేనేజర్లు వెన్నంటి ఉంటారు. ఖర్చెక్కువ, పట్టేది కొద్దిమందికే. వందమందికి క్లాసు పెట్టే డబ్బుతో ఇక్కడ ఎంతమందిని చూసుకోగలరని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. నేనైతే తక్కువమందినే తీసుకుంటాను.

దీనికి మినహాయింపు 14, 15 ఏళ్లవాళ్లు, అదీ ఇంకా బడికి వెళ్తున్నవాళ్లు. వీళ్లకు బడి ఉన్నన్నాళ్లూ సీబీటీ, వేసవిలో పని. బడి మానిపించి కొలువులో పెట్టడం మాత్రం తప్పు. పదిహేడు దాటి, వెనక ఇల్లంటూ లేనివాడికైతే క్లాసు, కౌన్సెలింగ్ అంటూ నెలలు గడపకుండా ముందు జీతం చేతికి రావాలి.

ఏ దారి ఎంచుకున్నా మొదటి వారంలోనే ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలిసి, మీటింగులు షిఫ్ట్ గంటల్లో పెట్టొద్దని, కర్ఫ్యూ (ఫలానా టైమ్‌కల్లా ఇంట్లో ఉండాలన్న షరతు) ఉంటే పని ముగిశాక ఇంటికి చేరే టైమ్ కలిపి లెక్కేయమని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట చాలదు, ఆఫీసర్లు మారుతుంటారు.