తొమ్మిదో తారీఖు చెకప్: మూడుసార్లు వెళ్లొచ్చాక

ఆరో నెలలో పుట్టింటికొచ్చాను. టౌన్‌లో చూపించుకునే ప్రైవేటు హాస్పిటల్ ఇక్కడికి దూరమని అమ్మా, ఆశా వర్కర్ అక్కా కలిసి నన్ను పీహెచ్‌సీకి లాక్కెళ్లారు. ప్రతి నెలా 9న గర్భిణులకి ఫ్రీ చెకప్ ఉంటుంది, 2016 నుంచి దేశమంతా నడుస్తున్న పథకమే, ఆ రోజు డాక్టరే చూస్తారు. నేనైతే మొహం మాడ్చుకునే వెళ్లాను.

ముందు తిట్లు. తొమ్మిదింటికి రమ్మన్నారు, డాక్టరమ్మ వచ్చేసరికి పదకొండు. మేం నలభై మందికి పైనే, కుర్చీలు పది. యూరిన్ శాంపిల్‌కి డబ్బా చేతిలో పెట్టారు గానీ బాత్రూంలో నీళ్లు లేవు. స్కానింగ్ మిషన్ లేదు, బయట డబ్బులిచ్చి చేయించుకున్నా.

షుగర్ టెస్ట్‌కి 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చారు, పాకం తాగినట్టే ఉంది. టిఫిన్ తినొచ్చినా పర్లేదన్నారు. రెండు గంటలయ్యాక రక్తం తీశారు, 140 లోపు ఉండాలట, నాకు 118.

అసలు విషయం రక్తం దగ్గర. హిమోగ్లోబిన్ 11 ఉండాల్సింది నాకు 8.9. టౌన్‌లో "రక్తం తక్కువుంది, ఐరన్ రాశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, నేనూ బుద్ధిగా వేసుకుంటూనే ఉన్నా. ఇక్కడ నర్సమ్మ "బిళ్ల ఎప్పుడేసుకుంటున్నావమ్మా?" అనడిగింది. పొద్దున టీ తాగి, దాంతోపాటే కాల్షియం బిళ్ల కూడా అన్నాను. తల పట్టుకుంది! టీ, కాల్షియం రెండూ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. కార్డు వెనకాల పెన్నుతో సూర్యుడు, చంద్రుడు బొమ్మలేసి మరీ ఏ బిళ్ల ఎప్పుడో రాసిచ్చింది: ఐరన్ రెండు పూటలా తిన్న గంటకి, నిమ్మకాయ నీళ్లతో, కాల్షియం దానికి రెండు గంటలు ఎడంగా. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానెయ్యకు అని కూడా చెప్పింది (అంతకుముందు ఓసారి అందుకే మానేశాను, ఆ సంగతి చెప్పలేదులెండి). తర్వాతి నెల 9.8 వచ్చింది.

రెండోసారి వెళ్లినప్పుడు నా పక్కనున్న అమ్మాయి కాళ్లు చెప్పులు పట్టనంత వాచాయి. నెల దగ్గరపడితే వాపులు మామూలేనని వాళ్లత్త అంటూనే ఉంది. బీపీ చూస్తే 150/100. తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా అని అడిగితే రెండింటికీ ఊఁ అంది. కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, అరగంటలో 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేశారు. రెండు గంటలు కూర్చోబెట్టారని అప్పటిదాకా గొణుక్కుంటున్న నేను నోరు మూసుకున్నా.

ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు నర్సమ్మకి. వెళ్లేవాళ్లు మంచినీళ్ల సీసా, తినడానికేదైనా, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి. చీటీ ఎనిమిదిన్నరకే రాయించుకోండి, కుర్చీ దొరుకుతుంది.