బోనస్ ఇచ్చేటప్పుడు లేని అనుమానం విత్‌డ్రా అడిగితే వచ్చింది

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి వచ్చినప్పటి నుంచి లైసెన్స్ ఉన్న ఒక ఆన్‌లైన్ క్యాసినోలో ఆడుతున్నాను. ఆటల గురించి, యాప్ స్పీడ్ గురించి రాయను, అవి అన్నిచోట్లా ఒకటే. నా గొడవంతా బోనస్ దగ్గరే.

మేం నలుగురు తెలుగువాళ్లం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. వైఫై కూడా ఒక్కటే. 50 పౌండ్లు వేస్తే ఇంకో 50 బోనస్ అని పోయినేడాది మెయిల్ వస్తే తీసుకున్నాను. గెలిచింది బయటికి తీసుకోవాలంటే బోనస్‌కి 35 రెట్లు పందాలు కాయాలన్నది షరతు, అంటే 1,750 పౌండ్లు. పెట్టినదాంట్లో సగటున 96 శాతం తిరిగిచ్చే స్లాట్ (బటన్ నొక్కి బొమ్మల చక్రాలు తిప్పే ఆట) మీద అన్ని పందాలు కాస్తే సగటున 70 పౌండ్లు పోతాయి, బోనస్ కన్నా ఎక్కువే. పైగా స్పిన్‌కి 5 పౌండ్లు దాటకూడదు. బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడితే పందెంలో పదో వంతే లెక్కకొస్తుంది. అన్నీ పాటించాను. అదృష్టం కలిసొచ్చి గట్టిగానే గెలిచాను.

విత్‌డ్రా నొక్కగానే పాస్‌పోర్టు అడిగారు, పంపాను. తర్వాత అడ్రస్ ప్రూఫ్, ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు. చివరికి ఒక్క లైను మెయిల్: 'బోనస్ దుర్వినియోగం', గెలిచిన డబ్బు రద్దు. మా రూమ్మేట్ అదే బోనస్ నాకంటే ముందెప్పుడో తీసుకున్నాడు. అతని పేరు, అతని కార్డు, అతని డబ్బు. చాట్‌లో ఎంత మొత్తుకున్నా 'ఇంటికి ఒక్కటే' అన్న రూలునే మళ్లీ మళ్లీ పేస్ట్ చేశారు. నేను వేసిన 50 మాత్రం తిరిగొచ్చింది.

ఆ రూలు ఎందుకు పెట్టారో నాకూ తెలుసు. పదిమంది పాస్‌పోర్టులు పోగేసి, ఒక్కడే పది ఖాతాలు తెరిచి బోనస్‌లు నొక్కేసేవాళ్లు ఉన్నారు. వాళ్లని పట్టుకోవాల్సిందే. కానీ బోనస్ ఇచ్చిన రోజే నా అడ్రస్ వాళ్ల దగ్గరుంది. అప్పుడే కుదరదని చెప్పి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు. నేను ఓడిపోయుంటే మా ఇంట్లో ఎంతమంది ఉన్నారని ఎవరూ అడిగేవారు కాదు.

డబ్బు గంటల్లో బ్యాంకులో పడుతుందని ఇదివరకు తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పటికీ అది నిజమే, బోనస్ ముట్టుకోకపోతే.

2026 జనవరి 19 నుంచి జూదాన్ని నియంత్రించే యూకే గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ పందాల షరతు 10 రెట్లు దాటకూడదంది. అంటే 50 పౌండ్లకు 500 పందెం, సగటు నష్టం 20. లెక్క ఆడేవాళ్ల వైపు తిరిగింది కాబట్టి కంపెనీలు దుర్వినియోగం రూలును ఇంకా గట్టిగా పట్టుకుంటాయని నా భయం.

నాకు పెద్ద బాధ్యతలు లేవు, నెలకు చిన్న లిమిట్ పెట్టుకుని, బోనస్ వద్దని టిక్ తీసేసి ఆడుతున్నాను. సొంతంగా ఫ్లాట్ తీసుకుని ఉండేవాళ్లకు ఈ తంటా రాకపోవచ్చు. షేరింగ్ ఇళ్లలో ఉండేవాళ్లు మాత్రం ముందే చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే పైసా ఖర్చు లేకుండా ఐబాస్‌కి (జూదం గొడవలు తీర్చే స్వతంత్ర సంస్థ) వెళ్లొచ్చు. తేల్చకపోతే వెళ్తాను.