డొమైన్ ట్రాన్స్‌ఫర్ రూల్స్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

చిన్న వ్యాపారులకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని, కాబట్టి డాట్ కామ్ పేర్లు ఒక రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడం చాలా ఏళ్లుగా చేస్తూనే ఉన్నాను. ఈ రివ్యూ ఏ కంపెనీ మీదా కాదు, 2004 నుంచి అమల్లో ఉన్న ఐకాన్ (డొమైన్ పేర్లకి నిబంధనలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ట్రాన్స్‌ఫర్ పాలసీ మీద. రూల్స్ బాగానే ఉన్నాయి, కానీ అవి ఉన్నాయని మనకి చెప్పేవాడే లేడు.

ఈమధ్య ఒక బట్టల షాపాయన డొమైన్ మార్చబోయాం. గడువు ఇంకా కొన్ని వారాలుంది. పేరు బయటికి పోకుండా ఆపే లాక్ తీశాం, మార్చడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగాం. "ముందు రెన్యూ చేయండి సర్, తర్వాతే కోడ్ ఇస్తాం" అని పాత రిజిస్ట్రార్ సపోర్ట్ చాట్‌లో సమాధానం, ఎన్నిసార్లు అడిగినా అదే లైను పేస్ట్ చేస్తున్నారు. షాపాయనకి టెన్షన్, డబ్బు కట్టేద్దాం అంటాడు. నిజానికి రాబోయే ఏడాదికి డబ్బు కట్టలేదని ట్రాన్స్‌ఫర్ ఆపే హక్కు రిజిస్ట్రార్‌కి లేదు, పైగా మన అకౌంట్ ప్యానెల్‌లో కోడ్ తీసుకునే వీలు లేకపోతే అడిగిన 5 రోజుల్లో వాళ్లే ఇవ్వాలి. ఆ రెండు నిబంధనలూ చాట్‌లో పెట్టి, ఐకాన్‌కి కంప్లయింట్ ఇస్తానన్నాను. టికెట్ పైవాళ్లకి వెళ్లింది, సాయంత్రానికల్లా కోడ్ మెయిల్‌లో వచ్చేసింది, సారీ కూడా లేదు!

కోడ్ చేతికొచ్చాక పని తేలికే. కొత్త రిజిస్ట్రార్ దగ్గర కట్టే డబ్బుకి ఇంకో ఏడాది కలుస్తుంది, మిగిలిన గడువు ఎక్కడికీ పోదు (మొత్తం 10 ఏళ్లు దాటకూడదంతే). పాతవాళ్ల నుంచి కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది, దానికి 5 రోజులు జవాబివ్వకపోయినా ట్రాన్స్‌ఫర్ జరిగిపోతుంది. ఆ మెయిల్‌లో రద్దు చేసే లింకు కూడా ఉంటుంది, కంగారులో అది నొక్కేవాళ్లున్నారు.

చిరాకు పెట్టే రూల్, 60 రోజులు ట్రాన్స్‌ఫర్ కుదరదనేది. కొత్తగా కొన్న పేరుకీ, ఇప్పుడే మార్చిన పేరుకీ ఆ ఆంక్ష ఉంటే సరే, దొంగతనాలు ఆపడానికి అనుకోవచ్చు. కానీ 2016 డిసెంబరు నుంచి ఓనర్ పేరో, మెయిల్ ఐడీనో మార్చినా 60 రోజులు లాక్ పడుతోంది. మార్పుకి ముందే ఆ లాక్ వద్దనుకునే ఆప్షన్ కొందరు రిజిస్ట్రార్లు ఇస్తారు, అదీ ఎక్కడో చిన్న టిక్ బాక్సులో. అందుకే నేను ముందు ట్రాన్స్‌ఫర్, తర్వాతే వివరాలు సరిదిద్దడం.

గడువు దాటాక మార్చడం కుదరకపోదు గానీ డబ్బు దగ్గర తేడా వస్తుంది. గడువు దాటాక పాతచోట రెన్యూ చేసి, 45 రోజుల్లోపే బయటికి మార్చారనుకోండి, ఆ రెన్యువల్ ఏడాది రిజిస్ట్రీలో (ఆ పేర్లన్నిటి అసలు జాబితాలో) రద్దయి ట్రాన్స్‌ఫర్ ఏడాది ఒక్కటే మిగులుతుంది. పాతచోట కట్టిన డబ్బు వెనక్కి వస్తుందో రాదో వాళ్ల దయ. నేమ్ సర్వర్లు (పేరు టైప్ చేస్తే సైటు ఎక్కడుందో చెప్పేవి) పాత రిజిస్ట్రార్‌వే అయితే వాటిలోని డీఎన్ఎస్ రికార్డులన్నీ, అంటే సైటు, మెయిల్ ఎక్కడికెళ్లాలో చెప్పే సెట్టింగులన్నీ ముందే కాపీ చేసుకోండి, లేకపోతే సైటుతో పాటు ఆఫీసు మెయిల్ కూడా ఆగిపోతుంది.

ఇన్ని రూల్సూ కాపాడేది రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వాళ్లని. సైటు చేసినవాడు తన పేరు మీద కొనిపెట్టి ఉంటే ఈ పాలసీ షాపు యజమానికి అక్కరకు రాదు, ఆ గొడవ వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిందే. ఇక డాట్ ఇన్ పేర్లయితే ఐకాన్‌కి రాసి లాభం లేదు, వాటి రిజిస్ట్రీ నడిపేది నిక్సీ అనే మన దేశపు సంస్థ, అక్కడికే రాయాలి.