"ఒడ్డుకు కొట్టుకొచ్చిన" దక్షిణావర్త శంఖం కొనేవారికి హెచ్చరిక

దక్షిణావర్త శంఖం (నోరు కుడివైపు ఉండే అరుదైన శంఖం) కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవారు, రామేశ్వరమో పూరీయో వెళ్లినప్పుడు అక్కడ కొందామనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మాకు పంపినది మన సముద్రపు శంఖమే కాదు. అమెరికా తీరంలో పెరిగే వేరే నత్త గుల్ల. దానికి తీసుకున్నది 11,000 రూపాయలు. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఇదే సరుకును ఇవే మాటలతో అమ్మేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఒక పేరు తెలుసుకుని తప్పుకుంటే పక్క దుకాణంలో దొరికిపోతారు. సరుకును గుర్తుపట్టడం తెలిస్తేనే ఉపయోగం.

ప్రకటనలో ఏమని ఉందంటే: "తుపాను తరువాత రామేశ్వరం ఒడ్డుకు కొట్టుకొచ్చిన అరుదైన శంఖం, జాలరి కుటుంబం నుంచి నేరుగా మీ పూజా మందిరానికి." మా చెల్లెలి గృహప్రవేశానికి తెప్పించాం. ఎర్ర పట్టుగుడ్డ పరిచిన పెట్టె, కుంకుమ పొట్లం, ప్లాస్టిక్ కవరులో ధ్రువపత్రం, మధ్యలో పాలరాయి మెరుపుతో శంఖం. నోరు కుడివైపే ఉంది. చూసినవాళ్లంతా దండం పెట్టుకున్నారు. మా అత్తయ్య మాత్రం తమ ఇంట్లోని పాత శంఖాన్ని తెచ్చి పక్కన పెట్టి, "దీని లోపల గట్లు ఉంటాయి కదా, దానికి ఏవీ?" అన్నారు. ఏళ్ల తరబడి అభిషేకానికి వాడి, కడిగి, తుడిచిన చేతికి తెలిసిన సంగతి అది. తరువాత జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులకు చూపిస్తే ఆవిడ మాటే నిజమని తేలింది.

మనం పూజలో వాడే శంఖం టర్బినెల్లా పైరం అనే నత్తది. మన్నార్ సింధుశాఖ, తూత్తుకుడి వైపు సముద్రం దీనికి పేరుపడ్డ చోటు. బెంగాల్‌లో పెళ్లైన స్త్రీలు వేసుకునే తెల్ల గాజులను కోసేదీ ఈ గుల్ల నుంచే. దాదాపు అన్ని శంఖాలూ ఒకే వైపు చుట్టుకుని పెరుగుతాయి. ఎప్పుడో ఒకటి పుట్టుకతోనే ఎదురు చుట్టుతో పెరుగుతుంది. దక్షిణావర్తం అంటే అది. అంత అరుదు కాబట్టే అంత విలువ. మరి అంత అరుదైన వస్తువు చిన్నది, మధ్యది, పెద్దది అని సైజులవారీగా, ఎప్పుడు చూసినా నిల్వ ఉన్నట్టు ఎలా కనిపిస్తుంది? ఈ ఒక్క ప్రశ్న ముందే వేసుకుంటే చాలావరకు బయటపడవచ్చు.

దీనికి జవాబు సముద్రానికి అవతల ఉంది. మెక్సికో సింధుశాఖలోనూ అమెరికా ఆగ్నేయ తీరంలోనూ లైట్నింగ్ వెల్క్ అనే నత్త ఉంది. దానికి ఎదురు చుట్టు అరుదు కాదు, ఆ జాతి దాదాపు మొత్తం అలాగే పెరుగుతుంది. టెక్సస్ రాష్ట్రం 1987లో దాన్ని తమ రాష్ట్ర గుల్లగా ప్రకటించుకుంది. అడుగుకు మించి కూడా పెరుగుతుంది. అక్కడ అలంకరణ సామాను అమ్మే దుకాణాల్లో కొన్ని డాలర్లకు దొరికే వస్తువు అది. దాని ఒంటిమీద పొడవునా గోధుమరంగు చారలు ఉంటాయి, భుజం దగ్గర బొడిపెలు ఉంటాయి. చారలను రసాయనాలతో పోగొట్టి, బొడిపెలను అరగదీసి, మెరుగు పెడితే ఇక్కడ దక్షిణావర్తం అయిపోతుంది. మాకు వచ్చిన దాన్ని ఎండలో పక్కకు వాల్చి చూస్తే, భుజం చుట్టూ వరుసగా చదునైన మచ్చలు కనిపించాయి. బొడిపెలను ఆకురాయితో రాసిన చోట్లు అవి.

ఇప్పుడు గుర్తుపట్టడం. శంఖాన్ని బల్ల మీద నోరు పైకి ఉండేలా పెట్టండి. నీళ్లు జారే సన్నని కొన మీకు దూరంగా, చుట్లున్న లావు వైపు మీ దగ్గరగా ఉండాలి. నోరు ఎడమవైపు ఉంటే మామూలు శంఖం, కుడివైపు ఉంటే ఎదురు చుట్టు. అమ్మేవాళ్లు ఇంతవరకే చూపించి ఆపేస్తారు, ఎందుకంటే వెల్క్ కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. అసలు తేడా లోపల ఉంది. నోట్లోకి బొటనవేలు పెట్టి మధ్య కాండాన్ని తడమండి. మన శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు అడ్డంగా తగులుతాయి, వేలి కొనను ఒకదాని మీంచి ఒకటి ఎక్కించి దించినట్టే ఉంటుంది. వెల్క్‌కు ఆ మడతలు లేవు, వేలు నున్నగా జారిపోతుంది. ఇంత తేలిక. ఏ పరికరమూ అక్కరలేదు.

ఆన్‌లైన్‌లో వేలు పెట్టి చూడలేం కాబట్టి నోటి లోపలి భాగం వెలుతురులో స్పష్టంగా కనిపించే వీడియో అడగండి. పక్కన ఆనాటి దినపత్రిక పెట్టమనండి. తేదీ కోసం మాత్రమే కాదు. మామూలు శంఖం ఫోటోను అద్దంలో కనిపించినట్టు తిప్పేస్తే అది కూడా దక్షిణావర్తమే అవుతుంది, అప్పుడు పత్రిక అక్షరాలు తిరగబడి దొంగతనాన్ని పట్టిస్తాయి. వీడియో పంపడానికి నసుగుతున్నారంటే అక్కడితో ఆపేయండి.

అమ్మేవాళ్లు చెప్పే పరీక్షలను మాత్రం పట్టించుకోకండి. "చెవి దగ్గర పెడితే ఓంకారం వినిపిస్తుంది" అంటారు. చుట్టూ ఉన్న చప్పుడే గుల్ల లోపలి గాలిలో మారుమోగి అలా వినిపిస్తుంది. ఏ గుల్లకైనా వినిపిస్తుంది, ఖాళీ చెంబుకూ కొంత వినిపిస్తుంది. బియ్యంలో పెడితే తానే కదులుతుందనీ పాలు పోస్తే రంగు మారుతుందనీ చెప్పే మాటలకు ఆధారం లేదు.

ఇక ధ్రువపత్రం. ఇది చదివితే నాకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. బరువు, పొడవు, రంగు, "సహజమైన గుల్ల", "ఎదురు చుట్టు" అని ఉంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు! వెల్క్ కూడా సహజమైన గుల్లే, దానిదీ ఎదురు చుట్టే. జాతి పేరు మాత్రం ఎక్కడా లేదు. ధ్రువపత్రం చూపిస్తే మీరు వెతకాల్సింది ముద్రను కాదు, జాతి పేరును. అది లేకపోతే ఆ కాగితం పెట్టెకు అందం కోసం పెట్టినదే.

"ఒడ్డుకు కొట్టుకొచ్చింది" అన్న కథ దగ్గరకు వద్దాం, నేను ఇది రాయడానికి అసలు కారణం ఆ కథే. బతికున్న శంఖం మీద గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది. నత్త చచ్చి, గుల్ల అలల్లో దొర్లి ఒడ్డుకు చేరేసరికి ఆ పొర పోతుంది, పైభాగం సున్నం కొట్టినట్టు, మెరుపు లేకుండా ఉంటుంది. అంచులు అరిగి మొద్దుబారతాయి. గుల్లను తొలిచే స్పాంజీలు, పురుగులు చేసిన సన్నని రంధ్రాలు, బార్నకిల్స్ అనే చిన్న సముద్రజీవులు అంటుకుని ఊడిన గుండ్రటి మచ్చలు ఉంటాయి. అద్దంలా మెరుస్తూ, అంచు పదునుగా, ఒక్క రంధ్రమూ లేని గుల్లను పట్టుకుని తుపానుకు కొట్టుకొచ్చిందంటే, అది దుకాణంలోకి కొట్టుకొచ్చిందనే అర్థం. మెరుగు పెట్టడం నేరం కాదు, పూజకు అందరూ మెరుగు పెట్టిన శంఖాన్నే కొంటారు. కానీ ఆ కథకు అదనంగా డబ్బు వసూలు చేస్తున్నారు, అదీ గొడవ.

ఇదే కథతో ఇంకా చాలా అమ్ముతున్నారు. వాటిలో కొన్నిటి వల్ల డబ్బు మాత్రమే కాదు, మనశ్శాంతీ పోతుంది.

"తిమింగలం వాంతి" అని వార్తల్లో వస్తుందే, ఆ అంబర్‌గ్రిస్ ముద్దలు ఒడ్డున దొరికాయని వాట్సాప్‌లో ఫోటోలు తిరుగుతుంటాయి. నిజానికి అది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థం. అమ్మకానికి వచ్చేది మైనమో, గడ్డకట్టిన కొవ్వో అయ్యే అవకాశమే ఎక్కువ. సూది కాల్చి గుచ్చి చూడమని చెప్పేవాళ్లుంటారు, కానీ వేడి సూదికి మైనమూ కరుగుతుంది. అసలు పరీక్షల దాకా వెళ్లనే కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దీన్ని కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరమే. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైనదైతే జైలుకు పోతారు. మధ్యవర్తిగా ఉంటే కమీషన్ ఇస్తామన్నా అదే సమాధానం.

"ఇంద్రజాలం" పేరుతో నల్లటి, వల అల్లినట్టున్న కొమ్మను ఫ్రేము కట్టి, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టుకోమని అమ్ముతున్నారు. సముద్రంలో దొరికే అరుదైన మూలిక అంటారు. మొక్కే కాదు అది. సీ ఫ్యాన్ అనే పగడపు జాతి జీవుల గూడు, లేదా నల్ల పగడం. అంటే జంతువు. ఈ రెండింటినీ, రాతి పగడాలన్నింటినీ, సముద్రపు గుర్రాలనూ 2001లోనే వన్యప్రాణి చట్టం రక్షణలోకి తెచ్చారు. పూజా సామాను పెట్టెలో వచ్చినంత మాత్రాన చట్టం ఊరుకోదు. అటవీ శాఖవారు దాడి చేస్తే "మూలిక అనుకున్నాం" అన్న మాట ఎంతవరకు నిలబడుతుందో మీరే ఆలోచించండి.

నీళ్లలో తేలే రాయి గురించి కాస్త జాగ్రత్తగా రాస్తాను, ఎవరి భక్తినీ నొప్పించే ఉద్దేశం లేదు. రాయి తేలడం నిజమే. అగ్నిపర్వతం నురగలా కక్కిన ప్యూమిస్ రాయి నిండా గాలి గదులే, అందుకే తేలుతుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు ఇలాంటి రాళ్లు తెప్పలుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తీరం దాకా వెళ్లాయి. లోపల గాలి నిలిచిన ఎండు పగడపు ముక్కలు కూడా కొన్ని తేలుతాయి. రెండింటికీ తేడా కావాలంటే ఒక మూల వెనిగర్ చుక్క వేయండి. పగడం బుసబుసమని పొంగుతుంది, ప్యూమిస్ పొంగదు. పొంగితే కొనకండి, పగడం విషయం పైన చెప్పాను కదా. పొంగకపోతే అది మడమలు రుద్దుకోవడానికి అమ్మే రాయి లాంటిదే, ఆ ధరకు మించి ఇవ్వకండి. గోమతి చక్రాలు సముద్రపు నత్త తన నోటికి అడ్డం పెట్టుకునే మూతలు, చవకగా దొరుకుతాయి, వాటికి వందలు పోయకండి. సముద్రఫేనం కటిల్ ఫిష్ లోపలి గుల్ల, చిలుకలు పెంచేవాళ్లకు బాగా తెలుసు. గట్టిపడిన అలల నురుగు అని ఎవరైనా చెబితే నవ్వి ముందుకు నడవండి.

మా వ్యవహారం ఎక్కడిదాకా వచ్చిందంటే, మొదట "మీకు దివ్యమైన వస్తువు దక్కింది అండి" అన్నవాళ్లు, మడతలు లేవని ఫోటోలు పంపగానే "పూజా వస్తువులు వాపసు తీసుకోం" అన్నారు. జాతి పేరు చెప్పమంటే, "లోపం శంఖంలో లేదు, మీ విశ్వాసంలో ఉంది" అని జవాబు వచ్చింది. ఆ సందేశాన్ని భద్రంగా ఉంచాను, ఫిర్యాదుకు జత చేశాను.

మీకూ ఇలా జరిగి ఉంటే విశ్వాసం గురించి వాదించకండి, ఏ దేశపు సరుకని అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు ఏ దేశానిదో అమ్మకందారు చెప్పాలి. మా ప్రకటనలో "భారతదేశం" అని ఉంది, ఆ నత్త మన సముద్రంలోనే లేదు. రసాయనాలు, మడతలు, అధ్యాపకుల మాట అన్నిటికంటే ఈ ఒక్క ముక్క వాళ్లను ఇరుకున పెట్టింది. అవే నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి దాఖలు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. డబ్బు కట్టాక అమ్మకందారు అసలు వస్తువే పంపకుండా మాయమైతే అది సైబర్ మోసం, వెంటనే 1930కి చెప్పాలి.

ప్రకటన పేజీని ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేసిన తరువాత మా ప్రకటనలోంచి "రామేశ్వరం" అన్న మాట మాయమైంది, దేశం పేరున్న గడి ఖాళీ అయింది. వాపసు పంపాల్సి వస్తే, పెట్టెలో సర్దేముందు శంఖాన్ని తూకం మీద పెట్టి, నోటి లోపలి భాగం కనిపించేలా వీడియో తీయండి. మీరు పంపింది వేరే శంఖం అని వాళ్లు అనే అవకాశం ఉంది.