గిల్మర్‌ను వినడానికి గండికోట: ఎక్కడ ఉండాలి, ఎక్కడ కూర్చోవాలి

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందంలో గిటారు వాయించి, పాడిన డేవిడ్ గిల్మర్ కచేరీ మన వైపు జరుగుతుందన్న ఆశ నాకు లేదు. ఆయన 1946లో పుట్టారు. 2024లో కొత్త ఆల్బమ్ వచ్చాక చేసిన టూరు రోమ్, లండన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ లాంటి ఊళ్లతోనే ముగిసింది. ఆ టికెట్టు, వీసా, విమానం ఖర్చులు మా కడప జీతాలకు అందేవి కావు. అందుకే మా పెదనాన్న కొడుకూ నేనూ వీలు చిక్కినప్పుడల్లా గండికోటకు పోయి, ఒక రాత్రి ఉండి, ఆయన పాటలు విని వస్తుంటాం.

గండికోటనే ఎందుకు ఎంచుకున్నామంటే దానికి కారణం ఉంది. 1971 అక్టోబరులో పింక్ ఫ్లాయిడ్ వాళ్లు ఇటలీలో పాంపే శిథిలాలకు పోయారు. అక్కడి రోమన్ కాలపు రంగస్థలంలో, ముందు జనం ఎవరూ లేకుండా వాయించి, దాన్ని సినిమాగా తీయించుకున్నారు. తమ సామాను మొత్తం మోసుకెళ్లారు, కరెంటు కోసం ఊళ్లో నుంచి కేబుల్ లాగారు. అప్పుడు గిల్మర్‌కు పాతికేళ్లు. మళ్లీ 2016 జులైలో, డెబ్భై ఏళ్ల వయసులో, అదే చోట ఈసారి జనం ముందు వాయించారు. 2024లో రోమ్‌లో వాయించింది కూడా పాత రథాల పందేల మైదానం సర్కస్ మాక్సిమస్‌లోనే. పాత రాళ్ల మధ్య ఆ గిటారుకు ఏదో కొత్త బలం వస్తుంది. ఆ సినిమా చూసిన ప్రతిసారీ నాకు మన కోటే గుర్తొచ్చేది. ఎర్రరాతి గోడలు, కప్పు లేని కట్టడాలు, కింద పెన్నా. మనకూ ఇలాంటి చోటు ఉంది, ఇంటి నుంచి రెండు గంటల దారిలోనే.

ముందు బస సంగతి. కోటకు దగ్గర్లో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. కుటుంబంతో వచ్చేవాళ్లకు నేను చెప్పేది అదే. ఆర్భాటమేమీ ఉండదు కానీ, తెల్లవారకముందే లేచి లోయ దగ్గరికి పోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. జమ్మలమడుగులో లాడ్జీలు చవక, ఊళ్లో తిండికి ఇబ్బంది లేదు. కానీ పదిహేను కిలోమీటర్ల దూరం ఉంది కాబట్టి సూర్యోదయం కావాలంటే చీకట్లోనే బయల్దేరాలి. నాకైతే ఆ హడావిడి నచ్చదు.

ఇక గుడారాలు. ఒకసారి ఒక ప్రైవేటు క్యాంపులో దిగాం. ఫోన్లో మాట్లాడినప్పుడు "ప్రశాంతంగా ఉంటుంది సార్" అన్నారు. తీరా పోతే అర్ధరాత్రి దాటేదాకా సౌండ్ బాక్సులు మోగుతూనే ఉన్నాయి. తగ్గించమని అడిగితే, "అందరూ ఇదే అడుగుతారన్నా" అన్నాడు అక్కడి కుర్రాడు. పరుపులు శుభ్రంగా ఉన్నాయి, చికెన్ కూడా బాగుంది. అయినా వినడానికి పోయిన మాకు ఆ రాత్రి మొత్తం పాడైంది. గుడారం తీసుకునేవాళ్లు సౌండ్ బాక్సు ఎన్ని గంటలకు ఆపుతారో ముందే గట్టిగా అడగండి. వారం మధ్యలో పోతే ఈ బాధ చాలావరకు ఉండదు.

కోటలో ఎక్కడ కూర్చోవాలన్నది అన్నిటికంటే ముఖ్యం. లోయ అంచు దగ్గర పొద్దున ఫొటోల జనం ఎక్కువ. పైగా అంచు పొడవునా కంచె లేదు, చెవుల్లో పాట పెట్టుకుని అక్కడ తిరగడం ప్రమాదం. నేను చెప్పేది మాధవరాయ గుడి మండపం. మధ్యాహ్నం మూడు దాటాక అక్కడ నీడ ఉంటుంది, మనుషులు పలచగా ఉంటారు. పొద్దు వాలేటప్పుడు మసీదు, ధాన్యాగారం వైపు నడిచి, అంచుకు బాగా వెనక ఒక బండ చూసుకుని కూర్చుంటాం. స్పీకరు పెట్టం, హెడ్‌ఫోన్లే. కోట లోపల ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు. మన అభిమానం వాళ్ల చెవుల్లో పోయకూడదు.

మా అన్న పెళ్లి మేళాల్లో డోలు వాయిస్తాడు. ఇంగ్లీషు పాటలంటే పెద్దగా పట్టింపు లేదు. మొదటిసారి ఆ బండ మీద కూర్చుని ఒక పొడవాటి గిటారు భాగం విన్నాక, హెడ్‌ఫోన్ తీసి, "ఈయప్ప అస్సలు తొందరపడడబ్బా" అన్నాడు. గిల్మర్ గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. వేళ్ల వేగం చూపించాలన్న ఆరాటం ఆయనకు లేదు. తీగను నెమ్మదిగా సాగదీసి, స్వరాన్ని తను అనుకున్న చోటికి చేర్చి, అక్కడ నిలబెడతారు. తర్వాతి స్వరం వచ్చేలోపు ఖాళీ వదులుతారు. లోయ ఎదురుగా కూర్చుని వింటే ఆ ఖాళీలు కూడా వినపడతాయి. ఇంట్లో మిక్సీ, టీవీ మధ్య అవి దొరకవు.

ఆయన మీద నాకు గౌరవం పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎన్నో ఏళ్లు వాయించిన నల్ల స్ట్రాటోకాస్టర్ గిటారుతో పాటు తన గిటార్లెన్నింటినో 2019లో వేలం వేశారు. ఆ నల్ల గిటారు ఒక్కటే దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. మొత్తం సుమారు 2.15 కోట్ల డాలర్లు వాతావరణ మార్పు మీద పోరాడే సంస్థకు ఇచ్చేశారు. కరువు చూసిన జిల్లా మాది, ఆ సాయం విలువ మాకు తెలుసు.

రెండో రోజు చేతిలో ఉంటే బెలుం గుహలకు పొండి. ఉమ్మడి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. లోపల ఉక్కపోత విపరీతం, నీళ్ల సీసా తప్పనిసరి. ఆయాసం ఉన్న పెద్దవాళ్లను బయటే కూర్చోబెట్టడం మేలు. గుహలు మూడు కిలోమీటర్లకు పైగా ఉన్నా చూడనిచ్చేది కొంత భాగమే. అందులో సప్తస్వరాల గుహ దగ్గర గైడు రాళ్లను తడితే లోహం మోగినట్టు వేరువేరు శబ్దాలు వస్తాయి. సంగీతం ఇష్టమున్నవాళ్లు తొందరపెట్టే గుంపుతో పోకుండా, గైడుతో మాట్లాడుకుని అక్కడ కాసేపు ఆగండి. మా అన్న చాలాసేపు కదల్లేదు.

సొంత బండి లేకపోతే జమ్మలమడుగు దాకా ఆర్టీసీ బస్సులో వచ్చి, అక్కడ ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణం కూడా అప్పుడే తేల్చుకోండి, కోట దగ్గర సాయంత్రం బండ్లు దొరకవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి 6 ఆయన పుట్టినరోజు. అప్పటికి మా దగ్గర ఎండలు ముదురుతాయి, అయినా ఆ రోజు మేం వెళ్తాం, నాలుగు దాటాకే కోటలో అడుగుపెడతాం.