జయనగర్‌లో శనివారం జపనీస్ క్లాసు: ఫ్యాన్ మోత, మంచి సెన్సే

నేను బెంగళూరు దగ్గర బిడదిలో కారు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ చూస్తాను. మాది ప్రొద్దుటూరు. మా సరుకు కొనేది జపాన్ వాళ్లు కాబట్టి సొంతంగా చదువుకుని జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి పాసయ్యాను. ఆ పరీక్షలో నోరు తెరిచే పని ఉండదు. అదెంత ఇబ్బందో పోయినేడు తెలిసింది.

నగోయా నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రేట్ల మాట వచ్చింది. "ఇక్కడ పోటీ బాగా ఎక్కువండీ" అని చెప్పాలని "షియాయ్ గా హగెషీ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "క్రికెట్టా? మీరూ ఆడతారా?" అని అడిగారు. మా మేనేజర్ సార్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆయన కూడా నవ్వారు. షియాయ్ అంటే ఇద్దరో రెండు జట్లో తలపడే మ్యాచ్. వ్యాపారంలో పోటీని క్యోసో అనాలి. డిక్షనరీ యాప్‌లో 'పోటీ'కి ఆరేడు మాటలుంటే చిన్నగా ఉన్నదాన్ని పట్టుకున్నాను, అంతే.

ఆ సిగ్గుతోనే ఈ క్లాసులో చేరాను. బెంగళూరులో జయనగర్ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ఒక ఇంటి మొదటి అంతస్తు. పన్నెండు శనివారాలు, రోజుకి రెండు గంటలు, 8,500 రూపాయలు. నేను కెంగేరిలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి వెళ్లేదాన్ని. సెన్సే, అంటే టీచరు, కన్నడావిడ, చాలా ఏళ్లు జపాన్‌లో ఉండి వచ్చారు.

నా షియాయ్ కథ చెబితే ఆవిడ నవ్వలేదు. ఆ రోజు పాఠం పక్కన పెట్టేసి రెండు గంటలూ 'పోటీ' మీదే చెప్పారు. ఫీజంతా ఆ ఒక్క రోజుకే చెల్లిపోయిందనుకుంటాను.

క్యోసోలో రెండో అక్షరానికి అసలు అర్థం కొట్లాట, తగవు. ఫుకుజావా యుకిచి అని పాత పదివేల యెన్ నోటు మీద 1984 నుంచి 2024 దాకా ఉన్న మనిషి. జపాన్‌ని ఏలిన సైనిక పాలకులు షోగన్ల చివరి రోజుల్లో ఇంగ్లీషు అర్థశాస్త్ర పుస్తకం ఒకటి అనువదిస్తూ వ్యాపారంలో పోటీకి ఈ క్యోసో అన్న మాట పెట్టాడట. అది చూసిన ఖజానా అధికారి, ఇందులో తగవు అన్న అక్షరం ఉంది, ఇలాంటిది పై వాళ్లకి ఎలా చూపిస్తాం అన్నాడట. వర్తకులు ఒకరిని చూసి ఒకరు ధర తగ్గించుకోవడమే ఇది అని చెప్పినా వినలేదు. చివరికి ఫుకుజావా ఆ మాట మీద నల్లసిరా పూసి ఇచ్చాడట. ఈ రోజు జపాన్‌లో పిల్లలు కూడా "స్టేషన్ దాకా క్యోసో!" అని పరుగెడతారు. మా మీటింగుల్లో మాత్రం సాటి కంపెనీలని 'క్యోగో తాషా' అంటారు. నేను ఒకసారి మెయిల్లో 'తెకి' అని రాశాను, అంటే శత్రువు. పంపకముందే సెన్సే చూశారు, బతికిపోయాను.

తర్వాత షోబు. మొదటి అక్షరం గెలుపు, రెండోది ఓటమి. మన 'గెలుపోటములు' అచ్చంగా అదే కూర్పు. ఎవరో ఒకరు ఓడితీరాలి, అదీ షోబు. మన పందెంలో ఉండే వేడి ఇందులో ఉంది. తేల్చుకుందాం రా అన్నప్పుడు పనికొస్తుంది, టెండరు ఫైల్లో రాస్తే నవ్వుతారు.

తైకై దగ్గర నాకు చిరాకొచ్చింది. పది మంది కలిసే పెద్ద పోటీని తైకై అంటారు, సరే. ఉపన్యాసాల పోటీ బెన్‌రోన్ తైకై, అదీ సరే. కానీ ఎండాకాలం నదుల ఒడ్డున బాణసంచా కాల్చడం 'హనాబి తైకై'. మామూలుగా అందులో గెలిచేదెవరు, ఓడేదెవరు? ఆ అక్షరాలకి అర్థం 'పెద్ద కూడిక' అంతేనట. మా ఊళ్లో సంక్రాంతి ముగ్గుల పోటీకి ఏది వాడాలని అడిగితే, ఊరంతా చూడ్డానికొస్తే తైకై, జడ్జీలు మార్కులేస్తే కొంతెసుతో, అంటే మన కాంటెస్టే, అన్నారు. పియానో, బృందగానం లాంటి వాటికి మళ్లీ వేరు, కొంకూరు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే అయినా నాకైతే జమ్మలమడుగు బస్సు ఆగే ఊరిలా వినిపిస్తుంది. సుమో కుస్తీలో జరిగేదాన్ని షియాయ్ అనకూడదు, అది తొరికుమి. పదిహేను రోజుల టోర్నమెంటు బాషో, ఏడాదికి ఆరు. షోగి, అంటే జపాన్ చదరంగం, ఆడితే తైక్యొకు. ఇక్కడికి వచ్చేసరికి పక్క సీటు అబ్బాయి పెన్ను కింద పెట్టేశాడు.

మనకి షాపుకీ షాపుకీ పోటీ, వక్తృత్వ పోటీ, తోడికోడళ్ల మధ్య కూడా పోటీయే. పరుగుకీ ఎడ్లకీ మాత్రం పందెం. ఇదెప్పుడూ ఆలోచించనే లేదు నేను.

ఇక లోపాలు. ఇచ్చే జిరాక్సులు అలుక్కుపోయి ఉంటాయి, గీతలెక్కువున్న కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, నల్లటి మరకల్లా కనిపిస్తాయి. ఫ్యాన్ మోతకి వెనక బెంచీలో ఆడియో వినపడదు. పద్నాలుగు మందిలో నలుగురికి జపనీస్ ఓనమాల్లాంటి హిరగనాయే సరిగ్గా రాదు, వాళ్ల కోసం అరగంట పోతుంది. మానేస్తే డబ్బు వెనక్కివ్వరు. డిసెంబరు పరీక్షకి గ్రామర్ బట్టీ కొట్టించే చోటు కావాలంటే ఇది కాదు, వేరే చూసుకోండి. ఆఫీసులో జపాన్ వాళ్లతో మాట్లాడాల్సిన వాళ్లు చేరొచ్చు. నేను నాలుగు స్టార్లు ఇస్తాను, ఒకటి ఆ ఫ్యాన్‌కి తీసేశాను.

కారులో వెళ్లకండి, ఆ సందులో పార్కింగ్ లేదు. కిటికీ పక్క రెండో బెంచీ మంచిది. ఫీజు యూపీఐలో తీసుకుంటారు, రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు.