అన్నీ నోట్లోకే: సామాన్లు ఎత్తిపెట్టడమా, వెంటే ఉండి ఆపడమా?

మావాడికి 14 నెలలు. చెప్పు, రిమోట్, చింతగింజ... ఏది దొరికినా నోట్లోకే.

ఖర్చు: ఎత్తిపెట్టడానికి డ్రాయర్లకు నాలుగు లాక్‌లు, ఓ అట్టపెట్టె చాలు. వెంట తిరగడానికి పైసా అక్కర్లేదు, నడుమే పోతుంది.

శ్రమ: మొదటిది ఒక ఆదివారం పని, ఆపైన రోజూ ఓసారి నేల మీద కూర్చుని వాడి ఎత్తులోంచి చూసుకోవాలి. రెండోది లేచింది మొదలు పడుకునేదాకా.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. పాలు పొంగుతున్నాయని అటు తిరిగేలోపు పల్లీ గింజో, రూపాయి బిళ్లో గొంతుకు అడ్డం పడొచ్చు. బటన్ బ్యాటరీ (బిళ్లలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగాడని అనుమానమొచ్చినా వెంటనే ఆసుపత్రికే.

అలవాటు: 'వద్దు' అన్న మాట నేర్పేది రెండోదే. అయినా ఈ వయసులో వాళ్లు నోటితోనే వస్తువును తెలుసుకుంటారు, పూర్తిగా ఆపలేం. ఒకటి తీసుకుని, బదులుగా కడిగిన స్టీలు గ్లాసు ఇస్తే ఏడుపు తగ్గుతుంది (మా ఇంట్లో మోత పెరిగింది).

ఒక్కరే వంటా, బిడ్డా చూసుకుంటుంటే ఎత్తిపెట్టడమే మేలు. అమ్మమ్మో తాతయ్యో తోడుంటే, లేదా చుట్టాలింటికి వెళ్తే వెంట ఉండటం. అక్కడా మందులు, బ్యాటరీలు, కలరా ఉండలు మాత్రం ముందే పైకెక్కించమనండి.